చిన్న గొంతుతో చెప్పాల్సిన మాట

ఆ అపార్టుమెంటులో టైలరమ్మ ఇంటి సంగతులు తెలియనివాళ్ళు లేరు. ఆవిడేమీ ఊరంతా చాటుకునే మనిషి కాదు పాపం. మొగుడికి చెవుడు, అంతే. ఆయన దినపత్రిక అచ్చువేసే ప్రెస్సులో పెద్ద మెషిను పక్కన నిలబడి ఉద్యోగమంతా గడిపాడు. రిటైరైన రోజున ప్రెస్సువాళ్ళు గోడ గడియారం ఇచ్చి పంపించారు, మెషిను చెవుడిచ్చి పంపించింది. ఆ గడియారం కొట్టే గంటలు ఇంట్లో అందరికీ వినపడతాయి, ఆయనకి తప్ప.

పూర్తిగా వినపడదని కాదు. లావు గొంతులు కాస్త అందుతాయి, సన్నటి చప్పుళ్ళు అసలు అందవు. అందినా అందకపోయినా, ఏం చెప్పినా ముందు “ఆఁ?” అంటాడు. అదొక అలవాటైపోయింది. మెట్ల దగ్గర ఆడుకునే పిల్లలు ఆయనకి ‘ఆఁ తాతయ్య’ అని పేరు పెట్టారు. ఆ పేరు కూడా ఆయనకి వినపడలేదు కాబట్టి గొడవ లేదు.

గొడవంతా టైలరమ్మకే. మొగుడితో ఏ మాట అనాలన్నా గొంతు చించుకోవాలి. ఒకసారి “మలబద్ధకం పొడి వేసుకున్నారా?” అని అడిగింది. ఆయన “ఆఁ?” అన్నాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ “ఆఁ?” అన్నాడు. మూడోసారి అరిచేసరికి పై మెట్ల మీద నుంచి ఎవరో మహానుభావుడు, “బొప్పాయి పండు పెట్టండి వదినా, పొద్దున్నకల్లా సర్దుకుంటుంది!” అని సలహా పారేశాడు. ఆ రోజు నుంచి ఆవిడ మొగుడితో అన్నం, మందులు, తాళంచెవులు తప్ప ఇంకేమీ మాట్లాడటం మానేసింది. పెళ్ళైన కొత్తలో రేవు దగ్గరి పడవల గురించి కూడా గంటలకొద్దీ మాట్లాడుకున్న జంట అది.

కూతురు ఉండబట్టలేక చెవి మిషన్లు కొనిచ్చింది. బఠాణీ గింజలంత ఉంటాయి. పెట్టెలో పెట్టి ఛార్జి చేసుకోవాలి. ప్రెస్సాయన వాటిని రెండు రోజులు పెట్టుకుని, “చెవిలో సంత పెట్టినట్టుందే! కుక్కరు కూత, స్కూటర్ల మోత, పైవాళ్ళు కుర్చీ ఈడ్చే చప్పుడు, అన్నీ వినిపిస్తున్నాయి, నీ మాట తప్ప,” అని తీసి అలమరలో పడేశాడు. ఆవిడా పోనీలే అనుకుంది. అప్పటికి ఆయన చెవులతో ఆవిడకి అంత అవసరం పడలేదు.

అవసరం పడింది ఒక మధ్యాహ్నం. తనకోసం జాకెట్టు కుట్టుకుందామని టేపు ఛాతీ చుట్టూ వేసుకుంటే, ఎడంవైపు వేళ్ళకి ఏదో తగిలింది. ఎంతమంది ఆడవాళ్ళ కొలతలు తీసిన చెయ్యి అది! ఉండాల్సిందేదో, ఉండకూడనిదేదో దానికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. టేపు మెళ్ళో వేసుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది. సూది పరీక్ష చేశారు. డాక్టరమ్మ మంచి మనిషి, చెయ్యి పట్టుకుని చెప్పింది: “ఇది మంచి గడ్డ కాదమ్మా. కానీ తొందరగానే వచ్చారు, ఆపరేషన్ చేస్తే బాగుపడతారు. ఈసారి మీవారిని తీసుకురండి, అన్నీ ఇద్దరికీ కలిపి చెప్తాను.”

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మొగుడు వాకిట్లో ఉన్నాడు. వాకిట్లో అంటే, వాకిట్లో ఆపిన వ్యాను కింద. బేకరీవాళ్ళు వదిలించుకున్న పాత రొట్టెల వ్యాను అది. దాన్ని తెచ్చి లోపల మంచం కొట్టి, అరలు పెట్టి, పైకప్పు మీద సోలార్ పలక కట్టి, చక్రాల మీద ఇల్లు చేస్తున్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

“ఏమండీ,” అంది.

పలకలేదు. ఆ కాలిని తన కాలితో తట్టింది. ఆయన తల బయటికి పెట్టాడు, బుగ్గన గ్రీజుతో. “ఆఁ?”

పై బాల్కనీలో ఒకావిడ బట్టలు ఆరేస్తోంది. కింద వాచ్‌మన్ కుర్చీలో ఉన్నాడు. టైలరమ్మ నోరు తెరిచింది, మూసుకుంది.

“కాఫీ పెట్టనా అంటున్నా!”

“పెట్టు, పెట్టు,” అని ఆయన మళ్ళీ కిందకి దూరిపోయాడు.

కాగితం మీద రాసి చూపించొచ్చు కదా అంటారేమో. ఆవిడా ఆ పని చేసి చూసింది. ‘నాకు’ అని రాసి ఆగిపోయింది. పాల పాకెట్టు, ఉప్పు అని రాసిన చేత్తో ఆ మాట ఎలా రాస్తుంది? చదువుతున్న మనిషి మొహం ఎదురుగా నిలబడి ఎలా చూస్తుంది? పోనీ కూతురికి ఫోన్ చేద్దామంటే, కట్టుకున్నవాడికి తెలియకముందు ఇంకొకరికి తెలియడం ఆవిడకి ఇష్టం లేదు. ముందు ఆయనకే చెప్పాలి. అరిచి కాదు, పక్కన కూర్చుని చిన్న గొంతుతో చెప్పాలి. ఆవిడ కోరుకున్నది అంతే.

అందుకే ఆ వారం ఆయన, “వ్యాను తయారైంది, రెండు రోజులు ఎక్కడికైనా పోదామా?” అని అడిగినప్పుడు, ఎప్పటిలా ‘కుట్టాల్సినవి ఉన్నాయి’ అనలేదు. “పదండి,” అంది. ఆయన నమ్మలేక “ఆఁ?” అన్నాడు.

“పదండి అంటున్నా! ఒక్కటే షరతు! ఆ చెవి మిషన్లు తెచ్చుకోవాలి!”

“ఓ, దానికేం! అక్కడ సందడి ఉండదుగా, పెట్టుకుంటాను.”

తెచ్చుకున్నాడు, మాట తప్పలేదు. ఛార్జి పెట్టకుండా తెచ్చాడు, అంతే.

కొండ వాలు మీద చదునైన చోటొకటి చూసి వ్యాను ఆపాడు. కింద వాగు, చుట్టూ చెట్లు, కనుచూపు మేరలో మనిషి పొడ లేదు. కరెంటు తీగ అనేదే లేదు. టైలరమ్మకి ఆ చోటు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ చెప్తే వినేది ఆయనొక్కడే.

ఆయనకీ ప్రాణం లేచొచ్చింది, కానీ వేరే కారణానికి. పెళ్ళాన్ని చేయి పట్టుకుని వ్యానులోకి తీసుకెళ్ళి ఒక్కో స్విచ్చూ నొక్కి చూపించాడు. చిన్న ఫ్రిజ్జు వెలిగింది. ఫ్యాను తిరిగింది. టీవీలో చుక్కలు పడ్డాయి. మంచం చుట్టూ రంగురంగుల బల్బుల దండ మెరిసింది.

“చూశావా? నీకు ఏ లోటూ రానివ్వను! బ్యాటరీ ఒక్కటి చాలదని ఇంజను బ్యాటరీని కూడా దీనికే కలిపేశాను. ఏనుగు బలం!”

ఆయన ముచ్చట చూస్తే ఆవిడకి జాలేసింది, ప్రేమా కలిగింది. ఇదంతా తనకోసమే. నాకున్న లోటు వినే చెవి ఒక్కటేనండీ అనుకుని, చెవి మిషన్ల పెట్టె తీసి ఇచ్చింది. దాని మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. ఆయన మిగిలిన ఆఖరి సాకెట్టులో దాన్ని గుచ్చాడు. ఆవిడ బయటికొచ్చి వాగు చూసి తిరిగొచ్చేసరికి, పెట్టె మంచం మీద ఉంది, దాని చోట్లో నీళ్ళు కాచే కెటిల్ ఉంది.

“అలసిపోయావు, ముందు కాఫీ తాగు! చెవులెక్కడికి పోతాయి?”

ఆవిడ కాఫీ తాగింది. ఆ తర్వాత మబ్బు పట్టింది. సోలార్ పలక దేనికి ఉందో దానికే తెలియనట్టు ఊరికే పడుంది. ఆయన మటుకు ఫ్యానాపలేదు, ఫ్రిజ్జాపలేదు. పెట్టెని మళ్ళీ సాకెట్టులో పెడితే, కాసేపటికి నవ్వుతూ తీసి పాటల పెట్టె పెట్టాడు. ఆ పాటలు ఆయనకి వినపడవు. ఆవిడ వింటుందని పెట్టాడు.

అదిగో, ఆ పాటలు ఆపాక వినిపించింది ఆవిడకి, వ్యాను వెనక వైపు నుంచి ఒక పిట్ట కూత. ‘కీ... కీ... కీ...’ సన్నగా, కాస్సేపు ఆగి మళ్ళీ. పట్నంలో ఎప్పుడూ వినని కూత. పొదలోకి తొంగిచూసింది, కనపడలేదు. అయినా ఆవిడకి ఆ పిట్ట నచ్చింది. మొగుడు ముందు సీట్లో కునుకు తీస్తుంటే, వ్యాను వెనక చిన్న పీట వేసుకుని కూర్చుంది. చెప్పాల్సిన మాటని ఒకసారి నోట్లో సరిచూసుకుందామనిపించింది. కుట్టే ముందు గుడ్డ మీద సుద్దగీత గీసుకున్నట్టు.

“నాకు ఒంట్లో బాగోలేదు,” అంది, చిన్న గొంతుతో.

‘కీ,’ అంది పిట్ట.

“ఎడంవైపు గడ్డొకటి ఉంది.”

‘కీ... కీ.’

“డాక్టరమ్మ ఆపరేషన్ చెయ్యాలంది. మీరు కంగారు పడకండి.”

ఊఁ కొట్టే తోడు దొరికినట్టు అయింది ఆవిడకి. ఇంతకాలానికి ఒక మాట అరవకుండా చెప్తే వినేవాళ్ళున్నారు. మొత్తం చెప్పేసింది. చెప్పి కళ్ళు తుడుచుకుని, ఇక ఆయన్ని లేపుదామని లేచింది. సరిగ్గా అప్పుడే కూత ఆగిపోయింది. పిట్ట గూటికి పోయిందనుకుంది.

లోపలికెళ్ళి చూస్తే ఫ్యాను లేదు, ఫ్రిజ్జు లేదు, బల్బుల దండ లేదు. పెట్టె మీద ఎర్ర చుక్క కూడా లేదు.

ప్రెస్సాయన లేచి అన్ని స్విచ్చులూ నొక్కాడు, తీగలన్నీ లాగి చూశాడు, బుర్ర గోక్కున్నాడు. వ్యాను స్టార్టు చేద్దామని తాళం తిప్పితే అదీ మూగదైపోయింది. ఏనుగు బలం కోసం రెండు బ్యాటరీలూ కలిపినందుకు రెండూ కలిసే పడుకున్నాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని టైలరమ్మ నోటిదాకా వచ్చింది. కానీ ఆయన మొహం వాడిపోయి ఉంది. ఆ మాట మింగి, సంచిలోంచి తినేవి తీసింది. ఇద్దరూ రొట్టె ముక్కలు, అరటిపళ్ళు తిని, ఎవరి దిగులు వాళ్ళు కప్పుకుని పడుకున్నారు.

తెల్లారేసరికి మబ్బు విడిచింది. ఆవిడ లేచి చూస్తే ఆయన సామాన్లన్నీ సర్దేశాడు. నామోషీతో కళ్ళెత్తి చూడటం లేదు.

“వాలు మీదే ఉన్నాం కదా, వెనక నుంచి తోస్తే ఇంజను అందుకుంటుంది. మళ్ళీ ఆపితే స్టార్టవదు కాబట్టి ఆపకుండా ఇంటికి పోదాం. నీకు సుఖం చూపిద్దామని తెచ్చి అవస్థ పెట్టాను. పద, కాస్త తొయ్యి.”

ఆయన సీట్లో కూర్చుని బ్రేకు వదిలాడు. వ్యాను కదల్లేదు. “తొయ్యవే!” అన్నాడు. కదల్లేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తే, పెళ్ళాం వెనక లేదు, కిటికీ పక్కనే నిలబడి ఉంది. చేతిలో చెవి మిషన్ల పెట్టె.

“ముందు దీనికి ఛార్జి పెట్టండి!”

“ఆఁ?”

“చెవులు! చెవులకి!”

ఆయనకి ఒళ్ళు మండింది. ఉన్న అవమానం చాలదన్నట్టు ఇదొకటా? “ఎండ ఇప్పుడే వచ్చింది, బ్యాటరీ చచ్చిపడుంది, ఇప్పుడు చెవులెందుకే? ఈ అడవిలో వినడానికి ఏముంది?”

టైలరమ్మ ఆయన వంక చూసింది. మెట్ల మీదివాళ్ళకీ, పై బాల్కనీకీ భయపడి ఇన్నాళ్ళు గొంతులో కుక్కుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

“నేను లేనూ?” అని అరిచింది. “వినడానికి నేను లేనూ?”

వాగు గట్టున ఉన్న కొంగలు లేచిపోయాయి. ఆ మాట కొండకి తగిలి తిరిగొచ్చింది. ఆయన ఈసారి “ఆఁ?” అనలేదు. వినపడింది కాబట్టో, ఆవిడ కళ్ళ వెంట ధారగా కారుతున్నది కనపడింది కాబట్టో. బ్రేకు వేసి కిందకి దిగాడు. ఎందుకని అడగలేదు, అడిగినా జవాబు అందుకోగల స్థితి తనకి లేదని మొదటిసారి తెలిసొచ్చినట్టుంది. పెట్టె ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు.

లోపలికెళ్ళి ఫ్రిజ్జు పీకేశాడు. ఫ్యాను పీకేశాడు. టీవీ, కెటిల్, బల్బుల దండ, పాటల పెట్టె, అన్నీ పీకి మూల పడేశాడు. ఇంజను బ్యాటరీని విడదీశాడు. పైకప్పు ఎక్కి, సోలార్ పలక తాళ్ళు విప్పి కిందికి దింపి, తీగ సాగినంత దూరం ఎండలోకి తెచ్చి మోకాళ్ళకి ఆనించుకుని కూర్చున్నాడు. చెట్టు నీడ దాని మీద పడబోతే జరిగాడు. ఎండ ఎటు తిరిగితే పలకని అటు తిప్పాడు. మధ్యలో ఆవిడ గ్లాసుతో నీళ్ళు తెస్తే పలక వదలకుండానే తాగాడు. ఎంతసేపటికో ఆయన “ఇన్వర్టరు వెయ్యి,” అంటే ఆవిడ లోపలి స్విచ్చు నొక్కింది. పెట్టె మీద ఎర్ర చుక్క వెలిగింది.

అదేం విచిత్రమో, అప్పుడే పిట్ట కూడా తిరిగొచ్చింది. ‘కీ... కీ...’ ఆవిడకి ధైర్యమొచ్చినట్టయింది.

ఎర్ర చుక్క పసుపు రంగుకి తిరిగేదాకా ఆయన అక్కణ్ణుంచి లేవలేదు. అప్పుడు పలకని రాయికి ఆనించి, చేతులు కడుక్కుని, ఆ బఠాణీ గింజల్ని ఒక్కొక్కటే చెవుల్లో పెట్టుకున్నాడు. వాగు చప్పుడు విని తలెత్తాడు. ఆకుల చప్పుడు విని చుట్టూ చూశాడు. అంతలో మొహం చిట్లించాడు.

“ఏంటే ఆ కూత?”

“పిట్టండీ. నిన్నటినుంచీ కూస్తోంది. మీకు వినిపించట్లేదని నేనే...”

“పిట్టా!” ఆయన లేచి వ్యాను వెనక్కి నడిచాడు. పొద వైపు కాదు, వ్యానులోకి వంగి, మంచం కింద అర తలుపు తీశాడు. కూత గట్టిగా వినపడింది. “ఓసి పిచ్చిదానా, ఇది మన ఇన్వర్టరే! బ్యాటరీ అయిపోతోంది, అయిపోతోంది అని మొత్తుకుంటోంది. నాకు వినపడి చావదు, నీకు తెలిసి చావదు! ఇద్దరం కలిసి దీన్ని చంపేశాం.”

టైలరమ్మ ఒకసారి అర వంక, ఒకసారి పొద వంక చూసింది. తర్వాత నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు, కడుపు పట్టుకుని నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఆయన చెవిన పడి ఎన్నాళ్ళైందో.

“అయ్యో రాత, నేను దానికి మొత్తం చెప్పేసుకున్నానండీ!”

“ఏం చెప్పావు?”

నవ్వు దానంతటదే ఆగిపోయింది. ఆయన ఆవిడ మొహం చూసి తను కూడా ఆపాడు. ఇద్దరూ వ్యాను వెనక గుమ్మంలో పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ తన చేతుల వంక చూసుకుంటూ చెప్పింది. పట్నంలో అయితే పక్క గదిలోకి కూడా పోని గొంతుతో.

“నాకు ఎడంవైపు రొమ్ములో గడ్డొచ్చిందండీ. పరీక్ష చేశారు. మంచిది కాదట. తీసెయ్యాలట. ఎల్లుండి మిమ్మల్ని తీసుకుని రమ్మన్నారు.” పిట్టకి చెప్పినదాంట్లో లేని మాట ఒకటి చివర్లో, మరీ చిన్నగా, దానంతటదే వచ్చింది. “నాకు భయంగా ఉంది.”

చెప్పి, అలవాటు కొద్దీ “ఆఁ?” కోసం ఎదురుచూసింది. మళ్ళీ చెప్పాల్సొస్తే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఆలోచించుకుంటోంది.

ఆయన “ఆఁ?” అనలేదు.

ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఎప్పుడూ ఊరందరికీ వినపడేలా మాట్లాడే మనిషి, తన గొంతు తనకే వినపడుతోంది కాబట్టి కాబోలు, ఆవిడంత మెల్లగా అన్నాడు. “ఆ రోజు కాఫీ పెట్టనా అన్నావే, అప్పుడా?”

ఆవిడ తలూపింది.

“చెవులు పెట్టెలో పెట్టింది నేను. మోసింది నువ్వు.” ఆయన కళ్ళు నిండాయి. “పక్కనుంటాను. డాక్టరమ్మ ఎంత మెల్లగా చెప్పినా వింటాను. నాకూ భయంగానే ఉందే. అయినా ఉంటాను.”

పిట్ట కాని పిట్ట లోపల కూస్తూనే ఉంది. ఆయన లేచి దాని నోరు మూశాడు.

ఎండంతా ఇక ఇంజను బ్యాటరీకి ఇచ్చినా అది లేవలేదు. తోయక తప్పలేదు. కానీ ఈసారి ఆవిడని తోయనివ్వలేదు. డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, “కుట్టుమిషను తొక్కినట్టే. నేను వదులు అన్నప్పుడు క్లచ్చు మీది ఎడమ కాలు వదులు, అందుకోగానే మళ్ళీ తొక్కి, రెండో కాలితో బ్రేకెయ్యి,” అన్నాడు. ఆవిడ భయపడుతూనే తలూపింది. ఆయన రొప్పుతూ వాలు మీదికి తోశాడు, “వదులు!” అన్నాడు. వ్యాను ఎగిరిపడి దగ్గి, ఇంజను అందుకుంది. జన్మంతా పెడలు తొక్కిన కాలు, చెప్పిన చోట చెప్పినట్టు ఆపింది.

ఆయన వచ్చి సీట్లో కూర్చున్నాడు. పాత డీజిలు ఇంజను రోట్లో రాళ్ళు వేసి దంచినట్టు మోగుతోంది. ఆ మోతకి ఆయన మొహం ముడుచుకుపోయింది, దవడ బిగిసింది. రోడ్డెక్కాక లారీల హారన్లు మొదలయ్యాయి. ఒక్కో హారన్‌కీ ఉలిక్కిపడుతున్నాడు, చెయ్యి చెవి దాకా పోయి మళ్ళీ స్టీరింగు మీదికి వస్తోంది.

ఆవిడ కాసేపు చూసింది. చూడలేకపోయింది.

“తీసెయ్యండి,” అంది, మామూలు గొంతుతోనే. “ఇంటికెళ్ళాక పెట్టుకుందురుగాని. ఎందుకా అవస్థ?”

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

“ఉండనీ,” అన్నాడు. “దారిలో నువ్వేమైనా అంటావేమో.”